సర్దార్ మాటే ఆఖరు

మా పక్క క్వార్టర్ సర్దార్ అన్న కిందటి నెల ఒక బుధవారం పొద్దున కన్నుమూశారు. మొదటి షిఫ్టు సైరన్ మోగినా ఆయన లేవలేదు. "మీ అన్న లేస్తలేడు, జర రా వదినె!" అని వదిన గోడ మీద నుంచి పిలిచింది. నేను వెళ్ళేసరికి చెయ్యి చల్లబడి ఉంది.

గోదావరిఖనిలో సర్దార్ అంటే ఎవరో చెప్పనక్కరలేదు. బయటివారి కోసం చెబుతున్నాను. కార్మికుల కంటే ముందు బొగ్గు గనిలోకి వెళ్ళి, కర్రతో పైకప్పును కొట్టి, చప్పుడు విని, పని చేయవచ్చో లేదో తేల్చేవాడు; అందరూ పైకొచ్చాకే తాను పైకొచ్చేవాడు. రిటైరైనా ఆ కర్ర ఆయన చేతిలోనే ఉండేది. ఒకసారి మా ప్రహరీని కొట్టి చూసి "ఇది బోలుగైంది టీచరమ్మా" అన్నారు. ఆ వానల్లోనే అది కూలింది.

రెండేళ్ళ కిందట మా మనవరాలు కాలేజీ స్నేహితుల దగ్గర నుంచి ఒక ఆట తెచ్చింది. అందులో ఒకరు కథ నడుపుతారు, మిగతావారికి తలా ఒక పాత్ర. తలపెట్టిన పని ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. లావుపాటి రూల్స్ పుస్తకం ఉంది, కానీ ఆఖరి మాట కథ నడిపేవారిదే. మూడో ఆదివారానికే కథ నడిపే కుర్చీ సర్దార్ అన్నది అయిపోయింది. వదిన దొంగ పాత్ర వేసేది. "ఇంట్ల చెంచా దాస్తే దొరుకుతవు, నువ్వేం దొంగవే?" అని ఆయన ఏడిపించేవారు.

ఎవరి బలం ఎంత మిగిలింది, దీపాలెన్ని, తాళ్ళెన్ని అన్న పద్దు నాది. ఆట ముగిశాక ఆయన నా నోట్‌బుక్‌లో షిఫ్టు రిపోర్టులాగా "చూసిన. అందరు పైకొచ్చిన్రు" అని రాసి సంతకం చేసేవారు.

ఆయన చివరి నెలలో, ఆటలో గుహ పైకప్పు కూలి నా పాత్ర అయిన వైద్యురాలి మీద పడింది. మిగిలిన బలం ఆరు, దెబ్బ తొమ్మిది.

"సావలే. చెయ్యి ఇరిగింది," అన్నారాయన.

"లెక్క ప్రకారం చచ్చింది, అన్నా. పుస్తకంల ఉన్నది."

"ఏంది టీచరమ్మా! నన్ను సావనియ్యుమని గింత కొట్లాడేటోళ్ళను నేనేడ సూడలే."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "ఇష్టమొచ్చినట్ల మార్చెటందుకైతే రూలెందుకు?" అన్నాను.

ఆయన కర్రను చేతిలో తిప్పారు. "రూలు కావాలె. గని పైకప్పు మాత్రం బుక్కు చదవది. ఒకపాలి కొలతలన్ని కరెక్టే ఉండె, సప్పుడే తేడా ఉండె. కొలత నమ్మి పనికి పంపిన. ఒకడు పైకి రాలే."

అది విని కూడా నేను ఎర్ర సిరాతో "వైద్యురాలు: మృతి" అని రాసి లేచి వచ్చేశాను. మరుసటి ఆదివారం వెళ్ళలేదు. నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళిన మనవరాలు తిరిగొచ్చి, "తాత కథ నడపలేదు అమ్మమ్మా. టీచరమ్మను రానియ్యుండ్రి అని కూసున్నడు," అంది. పౌరుషం కొద్దీ నోట్‌బుక్ తెరవలేదు. ఆ బుధవారమే ఆయన పోయారు.

పదకొండో రోజు దాటాక తెరిచాను. నా ఎర్ర అక్షరాలను ఆయన కొట్టెయ్యలేదు. ఆ హక్కు ఉండి కూడా కొట్టెయ్యలేదు. కింద తన వంకర రాతలో రాశారు: "చూసిన. ఒకరు ఇంకా పైకి రాలే. సర్దారు లోపలనే ఉన్నడు."

పద్దులో తప్పును చెరపకూడదు. ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాయాలి. స్కేలు పెట్టి గీత గీశాను. "చెయ్యి విరిగింది" అని రాశాను.

మొన్న ఆదివారం నాలుగింటికి వదిన ఎప్పటిలాగే నాలుగు కుర్చీలు వేసింది. ఆయన కర్రను తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నీ డాక్టరమ్మ ఏం చేస్తది?" అని మనవరాలు అడిగింది.

"సర్దారును తీసుకొని పైకొస్తది."

పాచిక వేశాను. అది దొర్లి, కర్రకు తగిలి ఆగింది. పద్దెనిమిది. పుస్తకం ప్రకారం అది గెలుపే. ముగ్గురం ఖాళీ కుర్చీ వైపు చూశాం.