గూడబాతు నోట్లో కొల్లేరు

మా అక్క ఫైన్ ఆర్ట్స్ చదివి తాడేపల్లిగూడెం తిరిగొచ్చాక మట్టితో రాజకీయాలు మొదలుపెట్టింది. కొల్లేరు సరస్సుని ఆక్రమించి నాయకులు తవ్వుకున్న చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కూలగొట్టించిన ఏడాది అది. ఊరంతా ఆ సంగతి నోటితో మాట్లాడుకుంటుంటే, ఈవిడ బట్టీలో కాల్చి మాట్లాడతానంది. కరెంటు బట్టీ కాబట్టి ఆమె కళకి మొదటి శత్రువు నాయకులు కాదు, కరెంటు కోత.

రెండుసార్లు పగిలాక ఒక గూడబాతు తయారైంది. తెల్ల లాల్చీ, కండువా, ముక్కు కింద సంచిలాంటి నోరు. ఆ నోట్లో విడిగా కాల్చి అమర్చిన నీలం పళ్ళెం. అదే కొల్లేరు. నాయకుడు సరస్సుని మింగుతున్నాడన్నమాట. చూసిన పెద్దమనుషుల్లో ఒక్కడికైనా చురుక్కుమనాలి, అదీ అక్క పట్టుదల.

ఏలూరులో ప్రదర్శన పెడదామంటే హాలు కార్యదర్శిగారు అడ్డం పడ్డారు.

"ముఖ్య అతిథి లేకుండా ఎలాగండీ? జ్యోతి ఎవరు వెలిగిస్తారు? శాలువా ఎవరికి కప్పాలి?"

మా వైపు చెప్పుల కొట్టు తెరిచినా ముఖ్య అతిథి ఉండాల్సిందే. కొల్లేటి బొమ్మలకి కొల్లేటి మనిషే రావాలంటూ, కలిదిండి వైపు చెరువులున్న ఒక నాయకుణ్ణి ఆయనే పిలిచేశారు.

నాయకుడుగారు జ్యోతి వెలిగించి తిన్నగా బాతు ముందుకొచ్చి నిలబడ్డారు. నేను గుమ్మం ఎటుందో చూసుకున్నాను.

"ఇది నేనే కదమ్మా?"

"అవునండీ. మీరు కొల్లేటిని మింగుతున్నారండీ" అంది అక్క.

"అదే అంటున్నా! అచ్చం నా ముక్కే! అయినా మింగడానికీ దమ్ముండాలిగా!"

అనుచరులు చప్పట్లు కొట్టారు. శాలువా ఒకటి మిగిలిందని కార్యదర్శిగారు బాతుకి కప్పారు. ఫొటోలకి వరస కట్టారు.

"మా ఆఫీసులో పెడతానమ్మా, ప్యాక్ చేయించు" అన్నారు నాయకుడుగారు.

నెలల తరబడి కాల్చిన తిట్టు సన్మానమై కూర్చుంది. అక్క మొహం చూడలేకపోయాను.

"అలాగేనండీ, తీసుకెళ్ళండి" అంటూ అక్క ఆ శాలువా లాగేసి, బాతు నోట్లోంచి నీలం పళ్ళెం తీసి చంకన పెట్టుకుంది. "కొల్లేరు మాత్రం ఇవ్వనండీ."

ఆయన ఆ ఖాళీ నోటికేసి చూశారు. నవ్వు ఆగిపోయింది.

"అది లేకపోతే ఇదెందుకమ్మా నాకు?"

ఈసారి చప్పట్లు కొట్టాలో మానాలో అనుచరులకి తెలియలేదు. అన్నాక ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది. ఇంకో మీటింగుందంటూ వెళ్ళిపోయారు.

"చూశావురా? తగిలింది" అంది అక్క.

"తగలకపోతేనే బాగుండేదక్కా. ఆయన మనుషులే కారెక్కించేవాళ్ళు. ఇప్పుడీ బాతుని గూడెం ప్యాసింజరెక్కించాల్సింది నేను."