రెండు గంటల నల్లా

"నువ్వు మనోనివా, ఆళ్లోనివా? ముందుగాల గది చెప్పు," అంది బాలమ్మ, నుదుటి కట్టు సర్దుకుంటూ.

బాలమ్మ మధుకర్‌కు మేనత్త. తొంభై ఎనిమిది ఎండాకాలం అది. హఫీజ్‌పేట్ దాపున వాళ్ల ఊరి బావి ఎండింది. పక్కనే లేచిన కాలనీలో కోస్తా ఉద్యోగులు లోతుగా బోరు దింపి, గులాబీ మొక్కలకు కూడా గొట్టంతో నీళ్లు కొడుతున్నారు. మొదట తిట్లు, తర్వాత రాళ్లు. బాలమ్మ నుదురు పగిలింది, కాలనీలో ఒకాయన చెయ్యి విరిగింది. ఊరి మీదుగా పోయే కాలనీ దారికి ఊరివాళ్లు బండలు అడ్డం దొర్లించారు.

మధుకర్ కేబుల్ టీవీ తీగలు లాగేవాడు. రెండు వైపులా గడప లోపలికి వెళ్లగలిగినవాడు అతనొక్కడే. కాలనీలో అతనికి స్నేహితుడు ఉదయ్ భాస్కర్, మాదాపూర్‌లో ప్రోగ్రామరు. ఇద్దరూ కలిసి బేరం కుదిర్చారు: ఊరు దారి వదలాలి, కాలనీ రోజూ పొద్దున రెండు గంటలు నీళ్లు వదలాలి.

"మావాళ్లు ఒప్పుకుంటారంటావా?" అన్నాడు ఉదయ్.

"మీవోళ్ల ఫికర్ నీది, మావోళ్ల ఫికర్ నాది. నాకు మా అత్తతోనే పరేషాన్."

ఊరి పెద్దలకు కాగితం అక్కర్లేదు, జమానతుకు, అంటే పూచీ పడటానికి, ఒక మనిషి చాలు. "నీళ్లాగితే నన్ను పట్టుకోండ్రి," అని మధుకర్ నిలబడ్డాడు. బండలు తీశారు. కుర్రాళ్లు కాలువ తవ్వి పైపు వేశారు. మొదటి బిందె పట్టుకుని బాలమ్మ అంది: "తియ్యగనే ఉన్నయ్‌రా, ఆళ్ల మాట లెక్క."

ఆగస్టు పదిహేనున కాలనీ ఇద్దరికీ శాలువాలు కప్పింది. సామరస్యం గురించి ముగ్గురు ఉపన్యసించారు. నీళ్ల ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

మరుసటి ఏడు కాలనీకి అవతలి పక్క నుంచి హైటెక్ సిటీకి కొత్త రోడ్డు పడింది. ఊరి దారితో పని తీరింది. వారం తిరక్కుండా నల్లా ఆగింది. ఉదయ్ అప్పటికే బెంగళూరులో ఉన్నాడు. ఫోన్ చేస్తే, "నేనక్కడ లేను కదా బ్రదర్," అన్నాడు.

కాలనీ సంఘం అధ్యక్షుడు విశ్వేశ్వరరావు మర్యాదగా కుర్చీ చూపించి, మినిట్స్ పుస్తకం తిరగేశాడు.

"నీళ్ల గురించి ఎక్కడా తీర్మానం లేదండీ. కుర్రాళ్లు ఏదో అనుకుంటే సంఘానికేం సంబంధం?"

"శాలువ గప్పిన్రు గద సార్!"

"దానికి తీర్మానం ఉందండీ. ఒక్కోటి నూట పది రూపాయలు. ఇదిగో, చూడండి."

ఆ సాయంత్రం ఊరి కుర్రాళ్లు మళ్లీ రాళ్లు ఏరారు. "ఈసారి నువ్వు పక్కకు జరుగన్నా," అన్నారు. మధుకర్ జరగలేదు. జరిగితే మొదట జైలుకు పోయేది వాళ్లే అని అతనికి తెలుసు. తెల్లవారేసరికి నీళ్ల ట్యాంకర్లు నడిపే తిమ్మప్పను బతిమాలి, తన పేరు మీద అప్పుకు ఒక ట్యాంకరు తెప్పించాడు. తర్వాత ఇంకొకటి. వానలు పడేదాకా అలాగే నడిపాడు. అటు ఒక్క రాయీ లేవలేదు. ఊరివాళ్లు బాగా కలిసిపోయారని కాలనీలో చెప్పుకున్నారు.

తిమ్మప్పకు మధుకర్ ఇంకా తొమ్మిది వేల ఏడు వందల యాభై రూపాయలు బాకీ.