మూతలేని డబ్బల ఆయన గొంతు

"డబ్బకు మూత లేదు, నీళ్లు తగలనియ్యకు" అన్నడు మా ఆయన, బండి ఎక్కుకుంట.

"పెండ్లాం కంటె డబ్బనే ఎక్కువాయె నీకు" అన్న నేను.

గవే ఆఖరి మాటలు. ఆ పొద్దే పాలమూరుల గుండె ఆగి పోయిండు.

మాది మగ్గం ఇల్లు. నాకు చదువు రాదని, ఏ రంగు పోగు ఎన్నిసార్లు ఎయ్యాల్నో తన గొంతుతోని చెప్పే యాప్ చేస్తుండె. నా ఫోన్ల నడిచేటట్టు అది చెయ్యాల్నంటే ఆ ఫోన్ కంపెనీ కంప్యూటరే ఉండాల్నట. కొనలేక, సామాను విడివిడిగ తెచ్చి తనే ఒక మూతలేని కంప్యూటర్ డబ్బ బిగించిండు. యాప్ సగంలనే ఆగింది. గొంతు డబ్బలనే ఉండిపోయింది.

ఏడాది తీరినంక దసరాకు మగ్గానికి పసుపునీళ్లు చల్లిన. అలవాటుకొద్ది, ఆయన పోయినంక గూడ ఆర్పబుద్ధిగాక నడుస్తనే ఉంచిన డబ్బ మీద గూడ చల్లిన. చిటచిటమని పొగొచ్చి ఆరిపాయె. ఆయన రెండోసారి పోయినట్లు కూలవడి ఏడ్చిన.

నా తమ్ముని బిడ్డ సరిత అండ్లకెల్లి చిన్న బిళ్ల తీసి తన కంప్యూటర్‌కు పెట్టింది. "అత్తా, ఇను."

"ఎర్రది నాలుగు, నల్లది రెండు... ఏమే, చాయ్ వెట్టవా?"

ఆ గొంతు నా ఫోన్లకు ఎక్కించింది సరిత. ఇప్పటికీ నేసుకుంట ఇంటుంటే, ఆ మాట కాడ మగ్గం ఆపి, "వెడుతున్న" అంటుంట.

సరితా, నేను చెప్పిందంత రాసినవా? జర చదువు బిడ్డా, ఆయన చెప్పినట్లె నిదానంగ.