నల్లద్దంలోని ఆకుపచ్చ వెలుగు

చలికాలం సాయంత్రం ఆరింటికి, డ్యూటీ బస్సు దిగి స్నానాలయ్యాక, సౌదీలోని జుబైల్ క్యాంపులో మా గదిలో ఒక మంచు అడవి కనిపించేది. ఫోన్లో. నార్వేకి ఉత్తర కొసన ఎక్కడో కెమెరా పెట్టి ఇరవైనాలుగు గంటలూ లైవ్ చూపిస్తుంటారు. దాన్ని కనిపెట్టింది నా వెల్డరు. నేను పైప్ ఫిట్టర్ని, శ్రీకాకుళం వైపు వాణ్ణి. ఆయనది జగిత్యాల పక్క ఊరు. నేను పైపులు సరిచూసి నిలబెడితే ఆయన అతికేవాడు. ఆరేళ్లు ఒకే జతగా పనిచేశాం, పక్కపక్క మంచాల మీద పడుకున్నాం. నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అనేవాణ్ణి.

ఆ కెమెరా ముందుకి రెయిన్‌డీర్లు వచ్చేవి. కాళ్లతో మంచు తవ్వి అడుగున ఉన్న నాచు తినేవి. ఒక్కోసారి తెల్లనక్క వచ్చి, అవి తవ్విన చోటల్లా వాసన చూసి పోయేది. అక్కడ నడి చలికాలంలో సూర్యుడు పైకే రాడట, మా సాయంత్రం వేళకి వాళ్లకి కటిక చీకటి. మా అదృష్టం బాగున్న రోజున ఆకాశంలో ఆకుపచ్చ వెలుగు లేచి, దండెం మీద ఆరేసిన చీరలా కదిలేది. నేను నోరు వెళ్లబెట్టుకుని చూస్తుంటే అన్న నవ్వేవాడు.

"గిదేం కొత్త తమ్మీ, నా నల్లద్దంలకెళ్లి జూస్తే దినాం గిట్లనే ఉంటది."

వెల్డింగ్ హెల్మెట్‌కి ఉండే నల్లద్దం సంగతి అది. దాని వెనకనుంచి చూస్తే మంట ఆకుపచ్చగానే కనిపిస్తుంది, ఒకసారి నేనూ పెట్టుకుని చూశాను. అలా అన్నాడే గాని, ఆ వెలుగుని దాని ఆకాశం కిందే నిలబడి, ఏ అద్దమూ అడ్డం లేకుండా చూడాలని ఆయనకి మహా కోరిక. నేను వెక్కిరించేవాణ్ణి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట, ఇంటికి పోవడానికే లీవు దొరకదు, నిన్ను నార్వే ఎవడు పంపుతాడు అనేవాణ్ణి. ఆ మాటలు గుర్తొస్తే ఇప్పుడు నా నోటిమీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

శుక్రవారం పొద్దున్నే ఊరి బయటి మడుగులకి పోయేవాళ్లం. శుద్ధి చేసి వదిలిన మురుగునీళ్లు నిలిచి, రెల్లు పెరిగి, చెరువుల్లా మారిన చోటు. వెనక ప్లాంట్ల మంటలు, ముందర వేల పక్షులు. గరిటెలాంటి ముక్కు ఉన్న బాతులు, గులాబీరంగు ఫ్లెమింగోలు. ఆ బాతులు పైనున్న చలిదేశాల నుంచి వస్తాయని తెలిశాక అన్న వాటిని చుట్టాల్లా చూసుకునేవాడు. ఎండలు ముదరగానే వీసా ఇచ్చిన ఏ కఫీల్‌నీ అడక్కుండా ఎగిరిపోతాయి కదా అని కుళ్లుకునేవాడు కూడా. మా ఇద్దరికీ కలిపి ఒకటే బైనాక్యులర్. మొదట నేను చూసి ఏమున్నాయో చెప్పేవాణ్ణి, తర్వాత ఆయన అందుకునేవాడు.

ఆయన వేసిన జాయింటు ఎక్స్‌రేలో తప్పడం నేనెరగను. మూడేళ్ల కిందట ప్లాంటు ఆపి మరమ్మతులు చేసిన షట్‌డౌన్‌లో ఒకే వారం మూడు తప్పాయి. అద్దం మంచిది కాదని రెండుసార్లు మార్చాడు. ఆ తర్వాత నలుపు తక్కువున్న పలచటి అద్దం వేసుకున్నాడు. నేను పైపు మీద గీసే సుద్దగీత లావు చేశాను. దీని గురించి ఇద్దరం ఒక్క ముక్క మాట్లాడుకోలేదు.

అంతలో కంపెనీవాళ్ల ఏడాది మెడికల్ వచ్చింది. ఒక కన్ను మూసుకుని గోడ మీది చార్టులో అక్షరాలు చదవాలి. చదవలేని వెల్డర్‌కి ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. ఈ చేతులకు ఇంకో పని రాదు అని అన్న దిగులుపడ్డాడు.

ఉపాయం నాది. ఆయనది కాదు. ఈ ఒక్క మాట ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను. మెడికల్‌కి నా వంతు ఒకరోజు ముందు వచ్చింది. అక్షరాలన్నీ వరసగా బట్టీ పట్టుకొచ్చి ఆయనకి నేర్పాను. ఈ, ఎఫ్, పీ, టీ, ఓ, జెడ్. బళ్లో ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. నిజంగా చదువుతున్నట్టు ఉండాలంటే కింది వరసలో ఒకచోట కాస్త తడబడమని కూడా చెప్పాను.

పాసయ్యాడు. ఇద్దరం పోయి బిర్యానీ తిన్నాం. కంటి డాక్టర్ దగ్గరికి పోదామని నేననలేదు. కళ్లజోడు పెట్టుకుంటే సరిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన పోతే నన్ను ఏ చేతకాని వెల్డర్‌తో కలుపుతారో అన్న బెంగ కూడా ఉంది నాకు. అంతటి స్వార్థం నాది.

మరుసటి చలికాలం ఒక శుక్రవారం మడుగుకి పోతే నీళ్లు లేవు. ఎందుకు తీసేశారో తెలియదు, కనుచూపుమేర బురద. ఒక్క పిట్ట లేదు. నేను నోరు తెరిచేలోపే అన్న బైనాక్యులర్ కళ్లకి పెట్టుకున్నాడు.

"మస్తుగున్నయి తమ్మీ. నడుమ మూడు వరుసలు గులాబీవి. ఎడమ దిక్కు గడ్డి కాడ బాతులు. ఒకటి... ఒకటి రెక్క జాపి నిలబడ్డది."

పోయిన శుక్రవారం నేను చెప్పిన మాటలే అవి, అదే వరసలో. రెక్క చాపిన పక్షి దగ్గర ఆ తడబాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. నేర్పింది నేనే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు తీసుకెళ్లాను అల్ ఖోబర్‌లోని కంటి డాక్టర్ దగ్గరికి. ఆవిడ తెలుగావిడే. గ్లకోమా అంది. కుడికంటి నరం పూర్తిగా ఎండిపోయిందనీ, ఎడమకన్ను సన్న గొట్టంలోంచి చూస్తున్నంత మాత్రమే మిగిలిందనీ చెప్పింది. ఏడాది ముందు వచ్చుంటే ఉన్న చూపునైనా చుక్కలమందుతో నిలబెట్టేవాళ్లమంది. మరి మెడికల్ ఎలా పాసయ్యావని అడిగింది. అన్న నా వైపు తల కూడా తిప్పలేదు. తనంతట తనే బట్టీ పట్టానని చెప్పాడు.

ఆ నెలలోనే ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లిపోయాడు. ఊళ్లో మందు వేసుకుంటున్నా పోయిన వానాకాలానికి ఎడమకన్ను కూడా ఆరిపోయింది. ఈ చలికాలమంతా సరిగ్గా ఇక్కడి ఆరింటికి ఫోన్ చేసి, కెమెరా పెట్టమంటున్నాడు. నేను చూసి చెబుతుంటాను. రెయిన్‌డీర్లు ఎన్ని వచ్చాయో, నక్క వచ్చిందో లేదో.

మొన్న చాలా రోజులకి ఆకాశం వెలిగింది. వచ్చిందన్నా అన్నాను. ఎట్లుందని అడిగాడు. నీ నల్లద్దంలో కనిపించినట్టే ఉందన్నాను.

"అద్దంల ఎట్లుండెనో గూడ యాదికొస్తలేదు తమ్మీ."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయనకి వినపడకుండా ఫోన్ దూరంగా పెట్టి, గొంతు సరిచేసుకుని, తెలిసిన ఆకుపచ్చలన్నీ ఒక్కొక్కటే చెప్పాను. వరినారు. చిలక రెక్క. లేత చింతాకు. ఒక్కోదానికి, ఆఁ యాదికొచ్చింది, యాదికొచ్చింది అన్నాడు. చింతాకు దగ్గర మాత్రం కాస్త తడబడ్డాడు.