గుల్ల చప్పుడు

బొగ్గు గనిలో నా పని కప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టడం. టింబర్‌మన్ అంటారు. కట్టె పెట్టే ముందు, కొసకు ఇనప పొన్ను వేసిన కర్రతో కప్పును కొట్టి వినాలి. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, గుల్లగా ఉంటే బొదబొదమంటుంది. రిటైరై సత్తుపల్లిలో ఇల్లు కట్టుకున్నాక నాకు మిగిలినవి ఆ కర్ర, దాని తాలూకు గర్వం. చెవులు సగం గనిలోనే వదిలేసి వచ్చానని మా ఆవిడ అంటుంది. ఈ మధ్య టీవీ వాళ్లే గొణుగుతున్నారని నేనంటాను.

కప్పు లేకపోయేసరికి చెట్ల మీద పడ్డాను. గాలివాన వస్తే ఏ చెట్టు ఎవరింటి మీద పడుతుందోనని మా వీధిలో అందరికీ భయమే. కర్ర పట్టుకుని నేను బయల్దేరేవాణ్ణి. పైన కొమ్మలు ఎండుతున్నాయా, మొదట్లో పుట్టగొడుగులు లేచాయా, ఒక పక్క నేల పగిలిందా అని చూసేవాణ్ణి. చివరికి కాండాన్ని కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకునేవాణ్ణి. ఆ కళ్లు మూసుకోవడానికే జనం పడిపోయేవారు.

పక్కింటామె ఇంటి ముందు ఒక వేపచెట్టు ఉండేది. మొక్కప్పటి నుంచీ కాస్త వంకర. ఒంటి నిండా ఆకు, కింద నేల చెక్కుచెదరలేదు. అయినా ఆ వంకర చూసి ఆమెకు దిగులు.

"పగటిపూట దాని కిందనే కూసుంటనన్నా. జర మంచిగ చూసి చెప్పు" అంది.

కొట్టాను. ఎక్కడో దూరంగా, మెత్తగా ఏదో వినబడింది. గుల్ల అని తీర్పు చెప్పాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని చెట్టు కొట్టించేసింది. తీరా చూస్తే మొదలు నడిమి దాకా ఎర్రగా, రాయిలా ఉంది. "జబ్బు ఇంకా బయటపడలేదమ్మా, టైముకు కొట్టించినం" అన్నాను. ఆమె నమ్మింది. నేనూ నమ్మాను, నా తెలివి అలాంటిది.

నీడ పోయాక ఆమె చింతపండు చాట పట్టుకుని మా ఇంటి తురాయి చెట్టు కిందికి వచ్చి కూర్చునేది. నా కుర్చీ కూడా అక్కడే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నా చెట్టుకు అసలు వైద్యమే అక్కర్లేదనుకున్నాను. సైడు కాలువ తవ్వినప్పుడు దాని వేళ్లు ఒక పక్కంతా తెగాయి. వానాకాలంలో మొదట్లో పుట్టగొడుగులు లేచాయి. మా ఆవిడే చూపించింది.

"ఊరందరి చెట్లు కొడతవు. దీన్ని గూడ ఒకపాలి కొట్టి చూడరాదు?"

"కట్టె చెప్పకుంట విరగదే. గనిల గూడ విరిగే ముందు కిర్రుకిర్రుమనేది, మేం ఉరికేటోళ్లం. చెప్పినప్పుడు చూద్దాం తీ."

అబద్ధం కాదు. ఆ కిర్రు విని ప్రాణం దక్కించుకున్నవాణ్ణి.

ఎండాకాలం, ఆకు కూడా కదలని ఒక మధ్యాహ్నం. ఆడవాళ్లిద్దరూ చింతపండు గింజలు తీస్తున్నారు, నేను కుర్చీలో కునుకుతున్నాను. ఉన్నట్టుండి మా ఆవిడ ఒక చేత్తో పక్కింటామెను, ఇంకో చేత్తో నా చొక్కాను పట్టి ఈడ్చింది. ఇదేం పిచ్చి అని అడగబోయాను. అంతలో తురాయి వేళ్లతో సహా లేచి, నా కుర్చీ మీద, చింతపండు చాట మీద పడింది. చాలాసేపు మా ఆవిడ చొక్కా వదల్లేదు, నేనూ వదలమనలేదు.

"చెప్పకుంటనే పడ్డది" అన్నాను, కాసేపటికి.

"చెప్పకుంటనా? పొద్దుగాల నుంచి కిర్రుకిర్రుమంటనే ఉన్నది. నువ్వేమో దాని కిందనే నిమ్మళంగ కూసుంటివి. నువ్వు వింటనే ఉన్నవు గదా, భయం లేదనుకున్నం. ఫెళఫెళమనేసరికి గుంజిన" అంది మా ఆవిడ.

పక్కింటామె మట్టిలోంచి చింతపండు ఏరుకోవడం ఆపింది. ఒకసారి తన ఇంటి ముందున్న వేప మొద్దు వైపు, ఒకసారి నా వైపు చూసింది.

"మరి మా వేప గుల్లగున్నదని నీకెట్ల వినబడ్డదన్నా?" అంది మెల్లగా.

అంత మెల్లగా అన్నా ప్రతి అక్షరం వినబడింది. నేను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, "ఏందమ్మా? నాకు సరిగ వినబడదు" అన్నాను.