‘మరి’ లాయరమ్మ

మా లాయరమ్మగారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరు ఏం చెప్పినా "మరి?" అంటారు. టీ తెచ్చానండీ అంటే "మరి చక్కెర?" అంటారు. అందులోనే ఉందండీ అంటే "మరి మీకు?" అంటారు. ఆవిడ దగ్గర టైపిస్టుగా చేరిన కొత్తలో ప్రతిదానికీ జవాబు చెప్పేదాన్ని. తర్వాత ఓపిక అయిపోయింది.

ఆవిడ పట్టేవన్నీ భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుని విడిపోయే కేసులే. పోట్లాట లేని విడాకులు కాబట్టి సులువనుకుంటారు. కోర్టు అడిగేవి నిజంగానే కొన్ని: ఏడాదిగా విడివిడిగా ఉంటున్నారా, ఇద్దరికీ ఇష్టమేనా, ఎవరి బలవంతమూ లేదు కదా, పిల్లలుంటే ఎవరి దగ్గర, ఇల్లూ సామానూ భరణమూ ఎలా తేల్చుకున్నారు. పక్క గది లాయరుగారు ఇదంతా కాఫీ చల్లారేలోపు రాయించేస్తారు.

మా గదిలో అలా కాదు. సామాన్లు పంచేసుకున్నామండీ అంటే "మరి కుక్కర్?" అంటారు. ఆమెకే అంటే "మరి దాని మూత?" అంటారు. ఓసారి నిజంగానే గిన్నె ఒకరింట్లో, మూత ఇంకొకరింట్లో తేలాయి. ఇక ఆవిడకి పట్టపగ్గాల్లేవు. ఇంకో జంట చేత, వాళ్ళ పిల్లి ఎవరి పక్కలో పడుకుంటుందో కూడా చెప్పించారు. నేను టైపు చేశాను, కొట్టేశాను, మళ్ళీ చేశాను. విడిపోయేది వాళ్ళు, మెడ పట్టేసేది నాకు.

కోర్టుకి అక్కర్లేనివన్నీ ఎందుకండీ అని ఒకరోజు విసుక్కున్నాను. తర్వాత జనం కొట్టుకునేది వాటి గురించేనని చెప్పి, "మరి ఆ పేరా మార్చారా?" అన్నారు.

ఆ వారమే ఒక జంట వచ్చారు. అతను మందుల కంపెనీలో పని చేస్తాడు, ఆమె బళ్ళో లెక్కల టీచరు. అరుచుకునే ఓపిక కూడా ఎప్పుడో అయిపోయినట్టున్నారు. పిల్లల్లేరు. భరణం అక్కర్లేదంది ఆమె. అద్దె ఇల్లు ఖాళీ చేసేస్తారట. లాయరమ్మగారు సోఫాతో మొదలుపెట్టి, బీరువా మీదుగా బాల్కనీలో మొక్కల దాకా వచ్చారు. అతను గడియారం చూసుకుని, ఇక ఏమీ మిగల్లేదన్నాడు.

"మరి ఏడాదిగా ఆ ఇంట్లో ఈ అమ్మాయి ఒక్కతే ఉంటోందా?"

ఒక్కతే కాదంది ఆమె. అప్పుడు బయటపడింది సంగతి. అతను ఆఫీసు దగ్గర గది తీసుకుని వెళ్ళిపోయినప్పుడు, అతని తల్లి వెంట వెళ్ళలేదు. కోడలి దగ్గరే ఉండిపోయింది. చూపు బాగా తగ్గింది. పొద్దునా సాయంత్రం కంట్లో చుక్కలు వేసేది కోడలే.

"అమ్మ నాతోనే వస్తుంది. అది వేరే చెప్పాలా?" అన్నాడతను.

"అత్తయ్యని అడిగావా?" అంది ఆమె. వచ్చినప్పటినుంచీ మొదటిసారి అతని వైపు తిరిగింది. "నేనూ అడగలేదులే. అడగడానికి ఇక నేనెవర్ని?"

లాయరమ్మగారు ఫైలు మూసి, మర్నాడు పెద్దావిడని తీసుకురమ్మన్నారు. వాళ్ళు వెళ్ళాక, మీకెలా తెలిసిందండీ అని అడిగాను.

"నాకేం తెలియదమ్మా. సామాను గురించి అడుగుతూ పోతే ఎక్కడో ఒక మనిషి తేలతారు. అందుకే అడుగుతాను."

ఆ రోజు నా మెడ నొప్పి గుర్తు రాలేదు.

మర్నాడు పెద్దావిడ వస్తూనే ఇద్దరినీ దులిపేసింది. సోఫా తర్వాత గుర్తొచ్చానా అని. ఆ పైన తనే తీర్పు చెప్పింది: వారంలో సగం కొడుకు దగ్గర, సగం కోడలి దగ్గర. వాడికి వంట రాదు, తనకి కోడలితో వాదించకపోతే నిద్ర రాదు.

"మరి చుక్కల మందు?" అన్నారు లాయరమ్మగారు.

అతను వేయడం నేర్చుకుంటానన్నాడు. ఆమె అక్కడే, అత్తగారి తల పట్టుకుని, రెప్ప ఎలా లాగాలో చూపించింది. అతని గురి తప్పి మొదటి చుక్క ముక్కు మీద పడింది. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వుతో విడాకులు ఆగిపోతాయేమోనని నేను టైపు చేయడం ఆపి వేళ్ళు పైకెత్తి కూర్చున్నాను. ఆగలేదు. కళ్ళు తుడుచుకుని సంతకాలు చేశారు.

కోర్టులో జడ్జిగారు అత్తగారి పేరా దగ్గర ఆగి, చట్టం ప్రకారం ఇది అవసరమా అని అడిగారు. లేదండీ అన్నారు లాయరమ్మగారు. ఆయన ఆ పేరా మళ్ళీ చదివి, ఉండనివ్వండి అన్నారు. మళ్ళీ ఆలోచించుకోమని కోర్టు ఇచ్చిన ఆర్నెల్ల గడువు అయ్యాక మళ్ళీ వచ్చి, ఇద్దరూ అదే మాట మీద నిలబడ్డారు. విడాకులు మంజూరయ్యాయి.

మొన్న కళ్ళజోడు మార్చుకోవడానికి వెళితే, కంటి ఆసుపత్రి బెంచీ మీద అత్తాకోడళ్ళిద్దరూ ఏదో గట్టిగా వాదించుకుంటూ కనిపించారు. నర్సు వచ్చి, పక్కనున్నది మీ అమ్మాయా అని పెద్దావిడని అడిగింది.

"కోడలు."

"అత్తయ్యా, మేం విడాకులు తీసుకున్నాం కదా," అంది టీచరమ్మ చిన్నగా.

పెద్దావిడ తన సంచీ ఆమె ఒళ్ళో పడేసి, లేవడానికి చెయ్యి చాచింది.

"మీరు తీసుకున్నారు. నేను తీసుకోలేదు."