ఫుప్పు ఇవ్వని మాఫీ

మా అమ్మ హజ్‌కు బయలుదేరిన ఏడు నాకు ఇరవై నిండలేదు. దబీర్‌పురాలో మా గల్లీ నుంచి బొంబాయి, అక్కడి నుంచి ఓడలో జిద్దా. కాగితాలు చేతికొచ్చాయి, టీకాలు వేయించుకున్నారు, తోడుగా మా అన్న వెళ్తున్నాడు. మిగిలింది మాఫీ ఒక్కటే. హజ్‌కు పోయేవాళ్లు తెలిసిన ప్రతి గడపా తొక్కి, తప్పులుంటే క్షమించమని అడిగి మరీ కదలాలి. అమ్మ పాలవాడిని కూడా వదల్లేదు.

మలక్‌పేటలో మా మేనత్త గడప దగ్గరే చిక్కొచ్చింది. ఆమెను ఫుప్పు అనేవాళ్లం. ఆమె కూతుర్ని అన్నకు చేసుకోనని అమ్మ నలుగురిలో అనేసింది. అప్పటి నుంచి రాకపోకల్లేవు. అమ్మ రెండుసార్లు వెళ్లింది, రెండుసార్లూ తలుపు తీయలేదు.

బయలుదేరే రోజు పొద్దున అమ్మ మూటల మీద కూలబడింది.

"మీ ఫుప్పు మాఫ్ చెయ్యకుంటే నేను రైలెక్క బిడ్డా. గట్ల పోతే అదేం హజ్?"

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల ఆశ ఒక్క ముసలిదాని పంతానికి ఆగిపోవాలా? జట్కా ఎక్కి మలక్‌పేట పోయాను.

ఫుప్పు తలుపు వెనక నుంచే మాట్లాడింది. "నలుగుట్ల నా బిడ్డ ఇజ్జత్ తీసింది. ఎట్ల మాఫ్ చేస్త? పో బేటా, పో."

గంటసేపు బతిమాలాను. రైలు వేళవుతోంది.

ఇంటికొచ్చి, "మాఫ్ చేసిందమ్మా, సలాం చెప్పమంది" అన్నాను. అమ్మ నా చేతులు కళ్లకద్దుకుంది. నాంపల్లిలో రైలు కదిలేదాకా ఆమె ముఖం చూడలేకపోయాను.

అమ్మ మక్కాలోనే జ్వరంతో పోయింది. అన్న జాబు చదివాక ఏడుపు కంటే ముందు భయమే వచ్చింది. నా అబద్ధంతో ఆమె హజ్ చెల్లిందా? ఎవరినడగాలో తెలియక పిచ్చెక్కినట్టు తిరిగాను.

కబురు తెలిసి ఫుప్పు ఏడుస్తూ వచ్చింది. "నేను మాఫ్ చెయ్యలేదని ఏడ్చుకుంట పోయిందా? నిజం చెప్పు బేటా!"

"లేదు ఫుప్పూ. నువ్వు చేసినవనే చెప్పిన. నవ్వుకుంట పోయింది."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గోడకానుకుని కూర్చుండిపోయింది.

"ఆమె అడిగినప్పుడే నేను గూడ ఆమెను అడగాలె గద, నన్ను మాఫ్ చెయ్యమని. తలుపు గూడ తియ్యకపోతి. ఇప్పుడు ఎవలనడగాలె?"

అమ్మ నిన్ను ఎప్పుడో మాఫ్ చేసింది ఫుప్పూ అంటే సరిపోయేది. మళ్లీ ఇంకో అబద్ధం ఆడలేకపోయాను. ఆ మాట కోసమే ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది.